నిపుణులకు మాత్రమే

కొండ మీద సైకిలు కొట్టు పెట్టినవాడిని తెలివైనవాడనాలో ఇంకేదైనా అనాలో గుమ్మలమెట్ట జనం ఇప్పటికీ తేల్చుకోలేదు. బిడ్డిక అడవయ్య మాత్రం తేల్చేసుకున్నాడు. ఇంకేదైనా అనాల్సిందే. ఆరో తరగతి సగంలో బడికి దణ్ణం పెట్టి పట్నం పోయి, ఓ సైకిలు షాపులో ఇరవై ఏళ్లు పంక్చర్లు వేసి, ఒక గాలిపంపు, రెండు రెంచీలు, కావలసినంత నడుంనొప్పి సంపాదించుకుని తిరిగొచ్చాడు. ఊళ్లో ఉన్నవి పదకొండు సైకిళ్లు. వాటి మీద ఎక్కేవాడు ఒక్కడూ లేడు. ఎక్కడానికి సీటే ఉండదు. అది పీకేసి ఆ కన్నంలో ఓ కర్ర దిగ్గొట్టి ఉంటుంది. అనాసపళ్ల గంపలు ఇటో రెండు అటో రెండు వేలాడదీసి, వెనక ఓ పచ్చికొమ్మ తాడుతో కట్టి, అది నేలమీద ఈడ్చుకుంటూ బండిని ఆపుతుంటే, పక్కన నడుస్తూ శుక్రవారం సంతకి దిగుతారు. గుమ్మలమెట్టలో సైకిలంటే మేత అడగని గాడిద. ఆ గాడిదలకు వైద్యుడు అడవయ్య.

సంత కింద దిగువపాడులో. దిగే దారి ఒక్కటే. నాలుగు కిలోమీటర్లు, ఒక మనిషీ ఒక సైకిలూ పట్టేంత వెడల్పు. రోడ్డు కావాలని ఊరు అర్జీ పెట్టి పన్నెండేళ్లయింది. పోయిందా ఉందా అంటే ఉంది. జాబితాలో ఉంది. జాబితాలో ఉన్న రోడ్డు మీద బండి నడవదు గానీ ఆశ నడుస్తుంది.

ఆ ఆశకి ఊరంతా కలిసి చేసే సేవ ఒకటుంది. కొండెక్కిన ప్రతి ఆఫీసరుకీ దారి ఎంత ఘోరంగా ఉందో చెప్పాలి. టీకాలు వేయడానికొచ్చినా, మేకల లెక్క రాయడానికొచ్చినా సరే, ముందు దారి సంగతి వినాలి. ఎవరి వేషం వారిది. కోలక జమ్మమ్మ ఏడుస్తుంది. ఆమె మొగుడు సోములు, తాను ఆ దారిలో చచ్చిపోయినట్టు జమ్మమ్మ చెబుతుంది కాబట్టి, లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంటాడు. 'ప్రాణాపాయం' లాంటి పట్నం మాటలు పలకగలిగినవాడు గనక మాట్లాడే పని అడవయ్యది. ఈ ఒక్క పనిలో తనని మించినవాడు లేడని అతని నమ్మకం. ఊరిని ముంచింది కూడా ఆ నమ్మకమే.

ఆ వేసవిలో ఒక డోలీ వచ్చింది. జబ్బు మనుషుల్ని కిందికి దించే డోలీలో, కింది నుంచి పైకి, ఒక ఆరోగ్యవంతుడు వచ్చాడు. పేరు పరాంకుశం గారు, కొండ సైకిలు విహార మండలికి డైరెక్టరు. దారి పొడుగునా డోలీలో నిద్రపోయారు. వెనకాల ఒక కన్సల్టెంటు, చెమటలు కక్కుతూ, ముందు చక్రానికి స్ప్రింగులున్న సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు.

పరాంకుశం గారు ఆ మధ్యనే ఏదో మంచుకొండల దేశానికి వెళ్లి పన్నెండు రోజులు అధ్యయనం చేసొచ్చారట. అక్కడ కొండదారులన్నిటికీ రంగులుంటాయట. నేర్చుకునేవాడికి ఆకుపచ్చ, కాస్త వచ్చినవాడికి నీలం, బాగా వచ్చినవాడికి ఎరుపు, ప్రాణం మీద తీపి లేనివాడికి నలుపు. ఆ దారుల మీద సైకిళ్లు తొక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారట.

"సదరు ఏకపథము యొక్క కాఠిన్య స్థాయిని నిర్ధారించు నిమిత్తము స్థానికుల అభిప్రాయమును సేకరించవలసి యున్నది," అన్నారు పరాంకుశం గారు.

అడవయ్యకి అందులో రెండు మాటలే అర్థమయ్యాయి. దారి, కష్టం. అంతకుమించి అక్కర్లేదు కూడా.

"అది దారి కాదు బాబూ, యముడి నాలుక," అని అందుకున్నాడు. "నాలుగు మలుపులున్నాయి. మొదటిది నడుంవిరుపు. రెండోది గోడుగోడు. మూడోది..." ఇంతవరకూ ఆ మలుపులకి పేర్లే లేవు. నోట్లోంచి అవే ఊడిపడుతున్నాయి. "మూడోది విధవల మలుపు. నాలుగోదానికి పేరెట్టలేదు బాబూ. దాని పేరు చెప్పడానికి తిరిగొచ్చినోడు లేడు. అంతా ప్రాణాపాయం!"

"మా ముసిలోడు ఆడే పోనాడు బాబూ," అని జమ్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లోపల సోములు దగ్గాడు. "ఆడి తమ్ముడు," అంది జమ్మమ్మ తడుముకోకుండా.

మామూలుగా ఆఫీసర్లు ఈపాటికి గడియారం చూసుకుంటారు. ఈ కన్సల్టెంటు మాత్రం గబగబా రాసుకున్నాడు. అతని కళ్లు మెరిశాయి. మలుపుల పేర్లు రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి లేచి అడవయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"అద్భుతం సార్! ఇంత భయంకరమైన దారి మన రాష్ట్రంలో ఉందని ఎవరికీ తెలీదు!"

"అదే గదా బాబూ పన్నెండేళ్ల నించీ సెప్తన్నాం!" అన్నాడు అడవయ్య.

ఆ సాయంత్రం ఊరంతా సంబరం. దారి కష్టం విని ఒక ఆఫీసరు సంతోషించడం అదే మొదటిసారి. దాన్ని మంచి శకునం అనుకున్నారు.

జూన్ మొదటి వారంలో బోర్డులొచ్చాయి. దారి మొదట్లో నిలువెత్తు నల్లబోర్డు పాతారు. 'గుమ్మలమెట్ట ఏకపథము. కాఠిన్యము: అత్యున్నతము. నిపుణులకు మాత్రమే.' కింద నాలుగు మలుపుల పేర్లు, పుర్రె బొమ్మలతో సహా. నాలుగో మలుపు పక్కన 'అనామకము' అని రాసి రెండు పుర్రెలు వేశారు.

బోర్డుతోపాటు అడవయ్యకి ఒక టోపీ, ఒక ఈల, నలభై ఆరు పేజీల నిబంధనల పుస్తకం, ఒక ఉత్తర్వు వచ్చాయి. అతన్ని 'మార్గ నైపుణ్య పరీక్షకుడు (తాత్కాలికం)'గా నియమించారు. ఊళ్లో సైకిలు తొక్కడం వచ్చినవాడు అతనొక్కడే మరి. ఆరో తరగతి పరీక్షకి భయపడి పారిపోయినవాడు పరీక్షలు పెట్టేవాడయ్యాడు. గాలిపంపు మీద అద్దం ముక్క ఆనించి టోపీ ఎనిమిది రకాలుగా పెట్టుకు చూసుకున్నాడు. ఏ రకంగా పెట్టినా లోపలున్నది తన బుర్రే కావడం ఒక్కటే లోటుగా కనిపించింది. బ్రాకెట్లోని 'తాత్కాలికం' మీద బొటనవేలు అడ్డం పెట్టి ఉత్తర్వు చదువుకుంటే చాలా బాగుంది.

పుస్తకంలో మూడు నిబంధనలు ముఖ్యమైనవి. ఒకటి, తన స్థాయికి మించిన దారిలో ఎవరూ దిగరాదు. రెండు, ఆకుపచ్చ పాసైతే నీలానికి, నీలం పాసైతే ఎరుపుకి, ఎరుపు పాసైతే నలుపుకి అర్హత. మూడు, ఉల్లంఘన జరిగిన ఊరి పేరు రోడ్ల జాబితా నుంచి తొలగించబడును. ఈ మూడోది చదివాక ఊళ్లో నవ్వులు ఆగిపోయాయి.

ఆకుపచ్చ దారికి చదునైన నేల కావాలి. ఊళ్లో చదునుగా ఉన్నది నూర్పిళ్ల కళ్లం ఒక్కటే. దాని చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. నీలం దారి పక్క కొండ మీద వేశారు. అక్కడికి పోవాలంటే నల్లదారి దిగి, దిగువపాడు మీదుగా వెళ్లాలి. ఈ సంగతి అడవయ్య సిగ్నలు దొరికే బండ ఎక్కి ఫోనులో మనవి చేసుకున్నాడు.

"నీలమునకు పోవుటకు నలుపు దిగుట అవసరమైనచో, నలుపునందు ఉత్తీర్ణులై పోవలెను," అన్నారు పరాంకుశం గారు.

"నలుపుకి ముందు నీలం పాసవ్వాలి గదా బాబూ?"

"క్రమశిక్షణ అనగా అదియే."

అడవయ్య బండ దిగొచ్చి, "ఏదో పెద్ద ఆలోచనే ఉంటాది," అని ఊరికి చెప్పాడు. టోపీ పెట్టుకున్నాక పైవాళ్ల ఆలోచన మీద నమ్మకం పెరిగింది.

మర్నాడు కళ్లం దగ్గర పరీక్ష. మొదటి అభ్యర్థి అతని పెళ్లాం తవిటమ్మ. ఆమె అనాసతోట ఆ ఏడు విరగకాసింది. శుక్రవారానికి కోత కొయ్యాలి. కోసిన పండు నాలుగు రోజులు ఆగదు.

"ఎక్కు," అన్నాడు అడవయ్య.

"దేనిమీదికి? కర్రమీదికా?"

"పుస్తకంలో సైకిలు ఎక్కి ఏడు సుట్లు తిరగాలని ఉంది."

"మావా, పెళ్లయిన కాడినించి నాను ఆ దారిలో దిగతన్నాను. నీ మెకానిక్కు తిండి ఆ దారిలో దిగిన పళ్లదే. ఇప్పుడు ఆ కళ్లంలో గానుగెద్దునాగ తిరగమంటావా?"

"నియమం అందరికీ ఒకటే. ఇంటోళ్లని సూడకూడదు."

"ఇంటోళ్లని ఎప్పుడు సూసినావులే," అంది తవిటమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

అడవయ్య ఈల ఊది ఆమె పేరు పక్కన 'ఫెయిలు' అని రాశాడు. చిన్నప్పుడు తన పేరు పక్కన మాస్టర్లంతా ఎర్రసిరాతో రాసిన మాట అది. స్పెల్లింగు వెతుక్కోవలసిన అవసరం రాలేదు. సాయంత్రానికి ఊరంతా ఫెయిలయ్యింది.

శుక్రవారం తెల్లారింది. పదకొండు సైకిళ్లు గంపలతో నల్లబోర్డు దగ్గర నిలబడ్డాయి. ఎదురుగా టోపీతో అడవయ్య.

"తొక్కితేనే గదరా పరీచ్చ," అంది జమ్మమ్మ. "మేం నడిసి పోతాం. తప్పుకో."

అడవయ్య పుస్తకం తిరగేశాడు. పదిహేడో పేజీలో ఉంది. "పాదచారి అనగా సైకిలు నుండి దిగిన వ్యక్తి. అంటే అప్పా, నడవాలన్నా ముందు సైకిలు ఎక్కి ఉండాలి. ఎక్కనోళ్లు నడవడానికి లేదు."

"నాను పుట్టినప్పుడు సైకిలు మీంచి దిగినానేట్రా?"

"అది నాకు తెల్దు. రాసింది సెప్తన్నాను."

జమ్మమ్మ ఊరుకునే మనిషి కాదు. ఇంటికెళ్లి పాత చక్రం ఒకటి మెడలో దండలా వేసుకొచ్చింది. "ఇదిగో, సైకిలు. ఇప్పుడే దిగినాను."

"సైకిలుకి రెండు సక్రాలుండాలి, అప్పా."

"ముసిలోడా!" అని కేకేసింది. దారిలో చచ్చిపోయిన సోములు రెండో చక్రం మెడలో వేసుకుని మెల్లగా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. అడవయ్య చాలాసేపు ఆలోచించాడు. ఇద్దరి మధ్యా ఎడం ఎక్కువగా ఉందనీ, ఫ్రేము లేదనీ, పైగా రికార్డుల ప్రకారం ఒకరు మృతులనీ తేల్చి వెనక్కి పంపాడు. ఇంత చక్కగా తీర్పు చెప్పగలనని అతనికే తెలియదు. బడి మాన్పించి ఉండకపోతే జడ్జీ అయ్యేవాడేమో. మాన్పించిందెవరో గుర్తొచ్చి ఆ ఆలోచన అక్కడితో ఆపేశాడు. తనే మానేశాడు.

ఆ వారం పళ్లు కుళ్లిపోయాయి. ఊరంతా తియ్యగా, మత్తుగా వాసన. ఈగలకి ఏ పరీక్షా అక్కర్లేదు కాబట్టి అవి కింది ఊళ్ల నుంచి కూడా వచ్చాయి. తవిటమ్మ మొగుడితో మాటలు మానేసింది. మాట్లాడడానికి బదులు వండింది. పొద్దున అనాస అంబలి. మధ్యాహ్నం అన్నంలోకి అనాస పులుసు. రాత్రి అనాస పచ్చడి. నాలుగో రోజుకి అడవయ్య నాలుక పగిలింది. ఈల ఊదితే మంట పుట్టింది.

తోటలో ఇంకా సగం కాయ ఉంది. రెండో శుక్రవారం నాటికి అదీ ముగ్గిపోతుంది. ఆ సంత తప్పితే ఆ ఏటికి ఇంక చేతికొచ్చేది లేదు. ఇది అడవయ్యకి తెలియక కాదు. అయితే రెండో శుక్రవారమే దారి ప్రారంభోత్సవం. పరాంకుశం గారు స్వయంగా వస్తున్నారు. ఆయన ముందు నిక్కచ్చిగా నిలబడితే బ్రాకెట్లో మాట ఎగిరిపోవచ్చు. రోడ్డు గురించి కూడా ఒక మాట వేయొచ్చు. ఇంట్లో పళ్లు, చేతిలో ఈల. అడవయ్య ఈలవైపే మొగ్గాడు. ఎందుకంటే పళ్లు ఎప్పుడూ ఉన్నాయి, ఈల ఎప్పుడూ లేదు.

పదకొండు గంటలకి డోలీ వచ్చింది. పరాంకుశం గారు లోపల నిద్రపోతూ వచ్చారు. కన్సల్టెంటు స్ప్రింగుల సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. రిబ్బను కట్టారు, కత్తిరించారు. పరాంకుశం గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. "గిరి గ్రామీణులు తమ మార్గమును తామే దుర్గమముగా తీర్చిదిద్దుకొనుట శ్లాఘనీయము," అన్నారు. పక్కన పదకొండు సైకిళ్లు ముగ్గిన పళ్ల గంపలతో విన్నాయి. పడమటి దిక్కున మబ్బు పట్టింది.

"ఇక దిగుదుము," అని పరాంకుశం గారు డోలీవైపు నడిచారు.

ఈల మోగింది.

అందరూ తిరిగి చూశారు. అడవయ్య దారికి అడ్డంగా, చేతులు చాచి నిలబడి ఉన్నాడు.

"కార్డు బాబూ."

"ఏ కార్డు?"

"నలుపు పాసైన కార్డు. లేకపోతే ఎరుపు కార్డు సూపించి నలుపు పరీచ్చకి కూకోవాలి. ఎక్కడానికి నియమం రాయలేదు గానీ, దిగడానికి రాసినారు."

ఇందులో అడవయ్యకి ఏ కుట్రా లేదు. ఇంత ఖచ్చితంగా ఉన్నందుకు డైరెక్టరు గారు భుజం తడతారనే అతను నిజంగా అనుకున్నాడు. జనమేమో అతనిలో ఇంత తెలివి ఎప్పుడు పుట్టిందా అని నోరు తెరిచి చూశారు.

"ఈయనెవరో తెలుసా నీకు?" అన్నాడు కన్సల్టెంటు.

"తెలుసు బాబూ. ఇంటిదాన్నే సూడలేదు." ఆ మాటకి తవిటమ్మ కూడా తలూపింది. అది నిజం.

కన్సల్టెంటు తాను నిపుణుణ్ణని చెప్పి కళ్లం దగ్గరికి సైకిలు తీసుకుపోయాడు. అడవయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గంట లేదు," అన్నాడు. తొమ్మిదో పేజీ: గంట లేని సైకిలుకు పరీక్ష లేదు. లక్షల సైకిలుకి గంట ఉండదని కన్సల్టెంటు చెప్పబోయి, తొమ్మిదో పేజీ రాసింది తానేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"నేను డోలీలో పోవుదును," అన్నారు పరాంకుశం గారు.

"నలుపు దారిలో డోలీ దెబ్బలు తగిలినోళ్లకే బాబూ. తమరికేమైనా తగిలిందేటి?"

"లేదు."

"ఎక్కడో ఒకకాడ?"

"లేదయ్యా!"

"అయితే వీలవదు."

జమ్మమ్మ ముందుకొచ్చింది. "కావాలంటే నాను ఒకటి తగిలిస్తాను బాబూ, సిన్నదే," అంది వినయంగా.

ఉరుము ఉరిమింది. పరాంకుశం గారు కళ్లం గట్టు మీద కూలబడ్డారు. వాన మొదలైతే ఆ దారి రెండు రోజులు మూసుకుపోతుందని డోలీ మోసేవాళ్లు చెప్పారు. ఊళ్లో తినడానికేముందని ఆయన అడిగారు. తవిటమ్మ అనాస పులుసు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. వాసన చూసి ఆయన మొహం తిప్పుకున్నారు.

ఆఫీసరు కదా, బయటపడే దారి ఆయనకే తట్టింది.

"స్థానికుల అభిప్రాయము మారినచో స్థాయిని పునర్నిర్ణయించు అధికారము నాకు కలదు. మార్గము సులభమని పరీక్షకుడు వ్రాసి సంతకము చేయవలెను. నేను ఆమోదింతును. ఆకుపచ్చ దారికి కార్డు అక్కరలేదు."

పదకొండు సైకిళ్ల దగ్గరా జనం కదిలారు. పరాంకుశం గారు చెయ్యెత్తారు. "అయితే ఒకటి. మార్గము సులభమని వ్రాతపూర్వకముగా వచ్చిన పిమ్మట రోడ్డు అవసరము ఉండదు. జాబితాలో పేరు ఉండదు. ఏకపథము కఠినమైనపుడే పరీక్షకుని పదవియు ఉండును."

కదిలిన జనం ఆగిపోయారు. పన్నెండేళ్ల పాటు ఎవరి ముందు ఏడవాలో వాళ్లందరి ముందూ ఏడ్చిన ఊరు అది.

అడవయ్య తవిటమ్మ వైపు చూశాడు. వారం రోజుల తర్వాత ఆమె మొదటిసారి అతనితో నోరు విప్పింది.

"పళ్లు ఇయ్యాల కుల్లిపోతాయి మావా. రోడ్డు ఏనాడొస్తాదో నువ్వు సెప్పు, ఆనాటిదాకా వీటిని ఆగమని సెప్తాను."

అడవయ్య కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. ఈ దారి గురించి వేలసార్లు గొప్పగా చెప్పిన అబద్ధాల్లో ఒక్కదానికీ ఇన్నేళ్లూ సంతకం పెట్టలేదు. ఇప్పుడు పెట్టాలి. 'దారి శానా సులువు. ముసలోళ్లు పిల్లలు కూడా దిగొచ్చు' అని రాసి సంతకం చేశాడు. ఆఫీసరు పక్కన ఆకుపచ్చ సిరాతో ఆమోదించారు. నల్లబోర్డు మీద ఆకుపచ్చ రంగు పూశారు. పుర్రెలు దాని కింద కొంచెం కనిపిస్తూనే ఉన్నాయి.

టోపీ, ఈల, పుస్తకం అప్పగించమన్నారు. అప్పగించాడు. తల తేలిగ్గా అనిపించింది. అందులో ఏమీ లేదని తెలిసిందే కదా.

"డోలీ తెండు," అన్నారు పరాంకుశం గారు.

"సార్," అన్నాడు కన్సల్టెంటు చిన్న గొంతుతో, "ఆకుపచ్చ దారిలో డోలీ నిషేధం. ప్రారంభకులు భయపడతారని మనమే..."

సైకిళ్లు దిగడం మొదలైంది. తవిటమ్మ హ్యాండిలు పట్టుకుంది, అడవయ్య వెనక గంప పట్టుకుని బరువు ఆపుతున్నాడు. వాళ్ల వెనక పరాంకుశం గారు, జీవితంలో మొదటిసారి ఆ దారిలో సొంత కాళ్ల మీద. మొదటి చినుకులు పడి మట్టి జారుతోంది. రెండో మలుపు దగ్గర ఆయన బూటు జారింది. మూడో మలుపు దగ్గర ఆయన కూర్చున్నారు. తర్వాత కూర్చునే దిగడం మొదలుపెట్టారు.

"అడవయ్యా! అడవయ్యా! ఇది... ఇక్కడ మనుషులు ఎలా దిగుతారయ్యా? ఇది దారా? రోజూ ఇలాగే వస్తారా మీరు? ఈ ఊరికి రోడ్డు వేయకపోతే ఎలా?" ఆయన నోట్లోంచి గ్రాంథికం ఎక్కడ రాలిపోయిందో రాలిపోయింది.

అడవయ్య అరికాళ్లు మట్టిలో గుచ్చి నిలబడ్డాడు. ఈ మాట ఒక్క ఆఫీసరు నోట వినాలని ఊరు పన్నెండేళ్లు కాచుకుంది. తను కనిపెట్టిన మలుపుల పేర్లన్నీ, చంపేసిన మనుషులందరూ ఆ ఒక్క మాట కోసమే. అరగంట ముందు తను సంతకం చేసిన కాగితం ఆయన జేబులోనే ఉంది, తడవకుండా ప్లాస్టిక్కు కవరులో.

"ఏటంటన్నాడు?" అంది తవిటమ్మ ముందుకు చూస్తూనే.

"దారి కష్టంగా ఉందంటన్నాడు."

"అలాగా," అంది తవిటమ్మ. "సరిగ్గా పట్టుకో. పళ్లు దొర్లిపోతన్నాయి."